నీళ్ళు తాగే పంపు

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, బందరు కాలవ గట్టు మీద నన్ను చూడగానే జనం తలుపులు వేసుకునేవాళ్ళు. తలుపులంటే తాటాకు తడికలే. గట్టు మొదట్లో నేను కనపడగానే ఎవరో ఒకరు “సూదులావిడ వస్తందే!” అని కేక పెట్టేవారు. నేను చేరుకునేసరికి ఇళ్ళన్నీ మూసి ఉండేవి. లోపల పిల్లల నోళ్ళు తల్లులు చేత్తో నొక్కి పట్టుకున్న చప్పుడు నాకు వినబడేది. భుజాన కలరా మందు సంచితో, ఇస్త్రీ చీరతో, ఎండలో నిలబడి తడికలకి ఉపన్యాసం చెప్పి తిరిగి వచ్చేదాన్ని.

మాది పామర్రు. నాన్నగారు మిషన్ బళ్ళో పంతులు. నర్సు శిక్షణ ముగియగానే బెజవాడ మునిసిపాలిటీ డిస్పెన్సరీలో ఉద్యోగం వచ్చింది. డెబ్భైల నడుమ మాట ఇది. నాకు అప్పటికి ఇరవై రెండేళ్ళు. గవర్నర్‌పేటలో లాడ్జీల వెనక సందులో, మరో ఇద్దరు ఉద్యోగినులతో కలిసి ఒక గది తీసుకుని ఉండేదాన్ని. నేను చదువుకున్నదాన్నని, ఎదటివాళ్ళు చదువులేనివాళ్ళని, నాకు తెలిసింది వాళ్ళకి చెబితే జబ్బులు పోతాయని నిజంగా నమ్మేదాన్ని.

ఏటా ఎండాకాలం డెల్టా కాలవలు కట్టేస్తారు. పూడిక తీస్తారు, లాకులు బాగుచేస్తారు. ఆ రెండు నెలలూ కాలవ అడుగున అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. ఊరి చెత్తంతా అందులో చేరుతుంది. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు ఆ మురికంతా మొదటి నీళ్ళతో కలిసి వస్తుంది. ఆ తరవాత వారం పది రోజుల్లో గట్టు మీద వాంతులూ విరేచనాలూ మొదలయ్యేవి. అందుకని కాలవలు వదలకముందే సూదులు వేసెయ్యాలని పైనుంచి ఆదేశం. సూదితో పాటు ఒక మాట కూడా చెప్పాలి. “కాలవ నీళ్ళు తాగకండి. మునిసిపాలిటీ పంపు నీళ్ళే తాగండి.” ఆ మాట ఆ వేసవిలో ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు.

గట్టు మీద ఎక్కువమంది చేపలవాళ్ళు. సముద్రం వైపునుంచీ కొల్లేటి వైపునుంచీ వచ్చి స్థిరపడినవాళ్ళు. మగవాళ్ళు లారీల దగ్గర చేపల పెట్టెలు దించేవారు. ఆడవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని పేటలన్నీ తిరిగి అమ్మేవారు. వాళ్ళ మధ్యే రిక్షా తొక్కేవాళ్ళు, లాడ్జీల్లో పని చేసేవాళ్ళు కొన్ని కుటుంబాలు ఉండేవి. గట్టు ఎగువ కొసన ఒక చిన్న చర్చి, దాని చుట్టూ కొన్ని క్రైస్తవుల ఇళ్ళు.

అంతమందిలో నా మాట మనసుపెట్టి విన్నది ఒక్కతే. రిక్షా అతని భార్య, నాకంటే రెండేళ్ళు చిన్నదేమో. ఆర్నెల్ల ఆడపిల్లని చంకనేసుకుని తనే నా దగ్గరికి వచ్చింది. సూది వేయించుకుంది. “బిడ్డకి పాలిస్తన్నానండి. నేనేం నీళ్ళు తాగితే దీనికి మంచిది?” అని అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. “పంపు నీళ్ళేనమ్మా. పొద్దున్నే అందరికన్నా ముందెళ్ళి పట్టుకో. కాలవ నీళ్ళు కాచినా సరే, తాగొద్దు,” అన్నాను. ఆ అమ్మాయి తల ఊపింది. ఆ రోజునుంచీ మొదటి బిందె తనదేనని తరవాత తెలిసింది.

కాలవలు వదిలారు. పదో రోజుకి జబ్బు గట్టు మీదకి వచ్చింది. ఆ రిక్షా అతను భార్యని తన రిక్షాలోనే పడుకోబెట్టుకుని పెద్దాసుపత్రికి బయల్దేరాడు. ఆసుపత్రి గేటు కనపడకముందే ఆమె ప్రాణం పోయింది.

ఆ కబురు విని పొద్దున్నే నేను గట్టుకి వెళ్ళాను. నాకు గుర్తున్నంతవరకూ సంచి లేకుండా అక్కడికి వెళ్ళడం అదే మొదలు. ఎవరూ తడికలు మూయలేదు. ఎవరూ తిట్టలేదు కూడా. తిడితే బాగుండునని అనిపించింది. పసిబిడ్డ ఎవరి ఒళ్ళోనో పాలు తాగుతోంది. ఆ తల్లిది వేరే బిడ్డ, వేరే ఇల్లు. పక్కన ఇంకొకామె తన వంతుకోసం కూచుని ఉంది. ఈ ఏర్పాటు ఎప్పుడు చేసుకున్నారో, ఎవరు చేశారో నేను అడగలేదు.

చేపల బుట్ట పక్కన పెట్టి ఒకామె నా దగ్గరికి వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి. పొట్టిగా గట్టిగా ఉండేది. మోచేతులదాకా పచ్చబొట్లు. గట్టు మీద ఏ తగువు వచ్చినా ఆమె దగ్గరికే పోతారని నాకు తెలుసు. అంతకు ముందు నా సూదుల్ని చూసి నవ్విన మనిషి కూడా ఆమే.

“నర్సమ్మగారూ, ఇట్టా రండి. మీరు చెప్పిన పంపు ఎప్పుడన్నా చూశారా?”

చూడలేదు. నెలల తరబడి ఆ పంపు గురించి ఊరంతా చెప్పాను గాని దాన్ని ఒక్కసారీ చూడలేదు.

గట్టు దిగువ కొసన, రోడ్డు పక్కన నడుములోతు గొయ్యి ఉంది. దిగడానికి మట్టిలో మూడు మెట్లు. అడుగున ఇనప గొట్టం. తిప్పే మర ఎప్పుడో ఊడిపోయి, వంగిన గొట్టం మాత్రం మిగిలింది. గొట్టంనుంచి సన్నగా నీళ్ళు పడుతున్నాయి. ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు గోతిలోకి దిగి, పాదాలు మునిగే బురదలో నిలబడి బిందెలు నింపుకుంటున్నారు. పక్కనే వీధి మురికి కాలవ. దాని ఊట గోతి గోడలోంచి చెమటలా కారుతోంది.

“పంపు పైనుంటే నీళ్ళు ఎక్కట్లేదండి. అందుకని మేమే తవ్వుకుని కిందికి దిగాం,” అంది. “ఇంకాసేపుండండి. నీళ్ళు ఆగే ఏళయింది. ఏమయిద్దో చూద్దురు గాని.”

ఏడున్నర దాటింది. ధార సన్నబడింది, చుక్కలయింది, ఆగిపోయింది. ఒలికిన నీళ్ళతోనూ ఊటతోనూ గోతి అడుగు నిండి గొట్టం మూతి అందులో మునిగే ఉంది. అప్పుడు గుర్రుమని ఒక చప్పుడు వచ్చింది. గొట్టం చుట్టూ ఉన్న మురికినీళ్ళు సుడి తిరిగాయి. కళ్ళముందే వేలెడు తగ్గాయి. గొట్టం వాటిని లోపలికి పీల్చుకుంటోంది.

“చూశారా?” అంది. “నీళ్ళాగేటప్పుడు పంపు తాగుద్దండి. తెల్లారి అదే మనకి పోసుద్ది.”

నా నోట వచ్చిన మాట తెలివైనది కాదు. “ఇది తెలిసి మీరంతా ఎందుకు తాగారమ్మా?” అన్నాను.

“మొదటి బిందెలో వాసన వచ్చేదండి. మేం చేపలోళ్ళం. చెడిన చేప వాసన వీధి అవతలనుంచి పట్టేస్తాం. ఈ వాసన తెలవదా? కానీ ఏదో మందు కలిపారేమో అనుకున్నాం. గవర్నమెంటు నీళ్ళు కదా, నర్సమ్మగారు కూడా చెప్పింది కదా అనుకున్నాం.”

నన్ను నొప్పించాలని ఆమె ఆ మాట అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. నేను గోతి ఒడ్డునే కూలబడ్డాను. ఆమె కాసేపు చూసి, తన కొంగుతో నా చెప్పుల మీద పడ్డ బురద తుడవబోయింది. నేను కాళ్ళు వెనక్కి తీసుకున్నాను. అప్పటిదాకా ఆమెని ‘నువ్వు’ అనే పిలిచేదాన్ని. ఆ పొద్దునుంచి ‘పెద్దమ్మా, మీరు’ అన్నాను. అది ఆమె గమనించిందో లేదో నాకు తెలియదు.

మర్నాడు ఆమె చేపల బేరం మానుకుని నాతో గట్టంతా తిరిగింది. నేను నోటుబుక్కులో ఇళ్ళ వరసలు గీసి, జబ్బు వచ్చిన ఇళ్ళకి గుర్తు పెట్టాను. ఆమె ఒక్కొక్క గుమ్మం ముందు ఆగి చెప్పేది. ఈ ఇంట్లో ఎవరికి వచ్చింది, ఏ రోజు వచ్చింది, వాళ్ళు ఎక్కడి నీళ్ళు తాగుతారు, పొద్దున ఎన్నో బిందెకి వెళతారు. మా డిస్పెన్సరీ రిజిస్టర్లో మనుషుల పేర్లూ వయసులూ ఉండేవి. ఎన్నో బిందె అని మేమెవరం ఎప్పుడూ అడగలేదు. సాయంత్రానికి నోటుబుక్కు చూస్తే నాకే అర్థమైంది. ఎగువ కొసన చర్చి ఆవరణలో బోరింగు ఉంది. దాని నీళ్ళు తాగే ఇళ్ళలో జబ్బు లేదు. కాలవ నీళ్ళు చిల్లగింజ అరగదీసి తేర్చుకుని, కాచుకుని తాగే ముసలివాళ్ళ ఇళ్ళలో ఒకటీ అరా. దిగువన గొయ్యి పంపు తాగే ఇళ్ళలో వరసగా గుర్తులే. అందులోనూ చీకటితోనే లేచి మార్కెట్టుకి పోవాలని మొదటి బిందెలు పట్టుకునే చేపలవాళ్ళ ఇళ్ళు ఎక్కువ. బిడ్డకోసం అందరికన్నా ముందు వెళ్ళమని నేను చెప్పిన ఆ అమ్మాయి ఇల్లు ఒకటి.

మా హెల్త్ ఆఫీసరుగారు వయసుమళ్ళినవారు, అలిసిపోయిన మనిషి. నోటుబుక్కు తిరగేసి “ఇది ఎవరు తయారుచేశారు?” అన్నారు. “చేపలమ్మే ఆవిడ చెప్పిందండీ, నేను రాశాను,” అన్నాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, “నా సర్వీసులో గట్టు మీద జబ్బు వచ్చిందని రిపోర్టు రాశాను గానీ ఏ గుమ్మంలో వచ్చిందని ఒక్కసారీ రాయలేదమ్మాయ్,” అన్నారు. ఆ రోజే స్వయంగా గట్టుకి వచ్చారు. చర్చి ముందు పాకలో చాప మీద కూచున్నారు. గట్టువాళ్ళంతా చుట్టూ చేరారు.

ఆయన ముందు తనకు తెలిసింది చెప్పారు. విరేచనాలు పట్టుకున్న మనిషి జబ్బుతో కన్నా ఒంట్లో నీళ్ళు పోయి చనిపోతాడని, ఆసుపత్రికి చేరేలోగానే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు గుక్కగుక్కగా పట్టిస్తూ ఉండాలని. “పంచదార మా ఇళ్ళల్లో ఎక్కడుంటదండీ? గంజిలో ఉప్పేసి పట్టిస్తే పనికిరాదా?” అని పెద్దమ్మ అడిగింది. ఆయన ఒక నిమిషం ఆలోచించి “బ్రహ్మాండంగా పనికొస్తుంది,” అన్నారు. గంజి లేని ఇల్లు గట్టు మీద లేదు. వరసకొక ఇల్లు చొప్పున, ఎవరి పొయ్యి మీద ఎప్పుడూ ఉప్పు గంజి ఉండాలో అక్కడికక్కడే తేల్చేశారు. రిక్షావాళ్ళు, ఎవరికి ఎప్పుడొచ్చినా ఆసుపత్రికి తీసుకుపోయే వంతులు తమకి వదిలెయ్యమన్నారు. ఆ మాట ముందుగా అన్నది భార్యని పోగొట్టుకున్న అతనే.

నీళ్ళ సంగతి మాత్రం అంత తేలికగా తెగలేదు. గోతిని పూడ్చాలి. పూడిస్తే తాగే నీళ్ళెక్కడివి? అందరి చూపూ చర్చి బోరింగు మీద పడింది. ఆ చర్చి పెద్ద ఒక రిటైరైన కాంపౌండరుగారు. తెల్లటి జుబ్బా, చేతిలో గొడుగు. తిన్నని మనిషే, కానీ జాగ్రత్త ఎక్కువ.

“మా బోరింగు ముప్ఫై ఇళ్ళకోసం వేసిందండీ. గట్టంతా వచ్చి కొడితే వారంలో వాషరు పోద్ది. ఆవరణంతా బురదైపోద్ది. ఆదివారం ఆరాధనకి మనుషులు ఎట్టా రావాలి?” అన్నారాయన.

ఇటునుంచి ఇంకో ఇబ్బంది వచ్చింది. చేపలవాళ్ళలో ఒక ముసలావిడ, పెద్దమ్మకి అత్తగారే, చర్చిలో నీళ్ళు తను ముట్టనంది. గంగమ్మకి కోపం వస్తుందంది. పెద్దమ్మ ఆమె వైపు తిరిగి, “మన బుట్టలో చేపలు వాళ్ళు కొనట్లేదా అత్తా? ఆదివారం ప్రార్థన కాంగానే నీ కొరమీన్లకోసం వచ్చేది ఎవరు? అప్పుడు రాని కోపం గంగమ్మకి ఇప్పుడెందుకొచ్చుద్ది?” అంది. పాకంతా నవ్వులు. ముసలావిడ కూడా మూతి తిప్పుకుంటూనే నవ్వింది. కాంపౌండరుగారు నవ్వలేదు గానీ గొడుగు పక్కన పెట్టారు.

“సరేగానీ వరసతప్పితే నేనూరుకోను,” అన్నారు. “తెల్లారి గేటు నేను తీస్తాను. బిందె మూతికి గుడ్డ లేకపోతే లోపలికి రానివ్వను. బోరింగు దగ్గర గిన్నెలు కడగడాలు, బట్టలుతకడాలు లేవు. ఒప్పుకుంటేనే.”

“ఒప్పుకున్నామండి,” అంది పెద్దమ్మ. “నీళ్ళు కొట్టడానికి మీ ముసలోళ్ళకి మా కుర్రపిల్లలొచ్చి సాయం చేస్తారు. అది మీరు ఒప్పుకోండి.”

ఆ ఒప్పందం ఎవరూ కాగితం మీద పెట్టలేదు. నేనున్నంత కాలమూ తప్పలేదు. మొదటి వారంలో మాత్రం గొడవలైనాయి. ఒకసారి బిందెలు విసురుకున్నారు. ఒకసారి కాంపౌండరుగారు అలిగి గేటు తాళం వేసుకుని ఇంట్లో కూచున్నారు. పెద్దమ్మ ఆయన గుమ్మం ముందు చతికిలబడి, ఆయన బయటికి వచ్చేదాకా కదలనని చేపలు శుభ్రం చేస్తూ కూచుంది. ఆ పొలుసులు చూసి ఆయన భార్యే తాళంచెవి తెచ్చి ఇచ్చేసింది. వాషరు నిజంగానే పోయింది. కాంపౌండరుగారు పాత సైకిలు ట్యూబు ముక్క కోసి తనే వేశారు.

ఇక గొయ్యి. పూడ్చే ముందు ఇంజనీరుగారికి చూపించాలని హెల్త్ ఆఫీసరుగారు అన్నారు. రోడ్డు కింద ఉన్న పాత లైను మార్చకపోతే గొట్టం పైకి ఎత్తినా నీళ్ళు ఎక్కవు, జనం మళ్ళీ తవ్వుకుంటారు. మేం మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాం. పెద్దమ్మ, నేను, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. ఇంజనీరుగారు కుర్రవాడు. ఫైలు తెరవకుండానే, “ఆ గొయ్యి తవ్వింది మీరే కదా? మునిసిపాలిటీ గొట్టాన్ని అట్లా వంచడం నేరమని తెలుసా?” అన్నాడు.

నేను భయపడ్డాను. పెద్దమ్మ చేతులు కట్టుకుని నిలబడి, “అవునండి, మేమే తవ్వాం. తప్పే. నీళ్ళు మా దగ్గరికి రాకపోతే మేం నీళ్ళ దగ్గరికి దిగాం. మీరు ఒక్క పూట వచ్చి, ఆరు గంటలకాణ్ణించి ఏడున్నరదాకా ఆడ నిలబడండి బాబూ. ఆ తరవాత మమ్మల్ని ఏం చేసినా సరే,” అంది.

అతను వస్తాడని నేననుకోలేదు. మూడో రోజు పొద్దున్నే స్కూటరు మీద వచ్చాడు. ఆడవాళ్ళు గోతిలోకి దిగడం, ఎక్కడం చూశాడు. నీళ్ళాగాక గొట్టం గుర్రుమనడం విన్నాడు. ప్యాంటు మడుచుకుని, తను కూడా గోతిలోకి దిగి గొట్టం మూతి దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. ఆ చెయ్యి బయటికి తీసి అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో సబ్బు తెచ్చి ఇచ్చారు. “కాగితాల మీద ఈ లైను నిండా నీళ్ళున్నట్టే ఉందమ్మా,” అన్నాడు, మా హెల్త్ ఆఫీసరుగారు మాట్లాడినట్టే. కొత్త లైనుకి ప్రయత్నిస్తానన్నాడు, కానీ నెలలు పడుతుందని నిజం చెప్పాడు. మాకు అబద్ధపు మాట ఇవ్వనందుకు పెద్దమ్మకి అతని మీద గురి కుదిరింది.

గొయ్యి పూడ్చిన రోజు నాకు బాగా గుర్తు. గవర్నర్‌పేటలో ఒక పాత లాడ్జిని పడగొడుతున్నారు. ఆ ఇటుక ముక్కలు తీసుకుపొమ్మని మేస్త్రీ ఒప్పుకున్నాడు. రిక్షాల సీట్లు తీసేసి వాటిలో ముక్కలు వేసుకుని వచ్చారు. ఆడవాళ్ళు చేపల బుట్టల్లో కాలవ ఒడ్డు ఇసక మోశారు. చర్చి ఇళ్ళవాళ్ళు పారలు పట్టుకుని వచ్చారు. నేనూ చీర దోపుకుని బుట్ట ఎత్తాను. తల మీద బరువు నిలపడం రాక రెండడుగులకే ఇసకంతా నా మీదే పోసుకుంటే, నా వెనక నడిచే అమ్మాయి ఒకతి నవ్వి తలగుడ్డ చుట్ట చేసి నెత్తిన పెట్టింది. అంతకు ముందు అదే అమ్మాయి నన్ను చూసి తడిక వేసుకునేది. మధ్యాహ్నానికి గొయ్యి పూడిపోయింది. మునిసిపాలిటీ పనివాళ్ళు గొట్టం మోకాలెత్తుకి లేపి మర బిగించారు. మురికి కాలవ అటు రాకుండా ఇటుకలతో గట్టు కట్టారు. మర్నాడు పొద్దున నీళ్ళ వేళకి పంపు తిప్పితే బొట్టు బొట్టుగా మాత్రమే పడింది. దానితో కాళ్ళు కడుక్కోవచ్చు, అంట్లు తోముకోవచ్చు, అంతే. ఎవరూ నిరాశపడలేదు. అంతే వస్తుందని వాళ్ళకి ముందే తెలుసు.

కొత్త లైను రావడానికి చలికాలం వెళ్ళింది. ఆ లోపల పెద్దమ్మ, కాంపౌండరుగారు కలిసి నెలనెలా ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళేవారు. ఆమె చేపల బుట్టతో, ఆయన గొడుగుతో, ఆఫీసు మెట్ల మీద పక్కపక్కన కూచుని ఉండేవారట. ఆఫీసు బంట్రోతు ఒకసారి నాతో, “వాళ్ళిద్దరూ వస్తే మా సారు ఫైలు వెతుక్కోవడం మొదలెడతాడండి,” అని నవ్వాడు. వాళ్ళు అరిచిందీ లేదు, బతిమాలిందీ లేదు. పని ఎంతవరకు వచ్చిందని అడిగి, విని, వెళ్ళిపోయేవారు. సంక్రాంతి దాటాక రోడ్డు తవ్వారు. గొట్టాలు దించేటప్పుడు గట్టు మగవాళ్ళు కూలి లేకుండా రెండు రోజులు పనిచేశారు. మొదటిసారి కొత్త పంపు తిప్పిన పొద్దున నీళ్ళ ధార ఎంత గట్టిగా వచ్చిందంటే, కింద పెట్టిన బిందె పక్కకి ఒరిగిపోయింది. ఆడవాళ్ళు అరుస్తూ వెనక్కి గెంతారు.

ఆ వేసవి సూదులకి నేను వెళ్ళినప్పుడు ఎవరూ తడిక మూయలేదు. పెద్దమ్మ ముందు తన అత్తగారిని కూచోబెట్టి చెయ్యి చాపించింది. “మా అత్తకే భయం లేదంటే మీకేంటి?” అని అందరినీ వరసలో నిలబెట్టింది. కాలవలు వదిలాక నేను రోజూ గట్టుకి వెళ్ళాను. ఒకరిద్దరికి విరేచనాలు పట్టుకున్నాయి. ఉప్పు గంజి, రిక్షా, ఆసుపత్రి. ఇద్దరూ తిరిగి వచ్చారు. ఆ ఏడు గట్టు మీద ఈ జబ్బుతో ఎవరూ పోలేదు.

ఈ సంగతి పైవాళ్ళ చెవిన పడి ఒక రోజు జీపుల్లో అధికారులు వచ్చారు. చర్చి ముందు పాకకి కాగితపు తోరణాలు కట్టారు. ఒకాయన మైకులో మా శాఖ కృషిని మెచ్చుకున్నాడు. మా హెల్త్ ఆఫీసరుగారు లేచి, “ఇది మా శాఖ చేసింది కాదండీ, వీళ్ళు చేస్తే మేము వెంట నడిచాం,” అని చెప్పి కూచున్నారు. పెద్దమ్మని పిలవమన్నారు. ఆమె లేదు. ఆ రోజు కంకిపాడు వైపు పెళ్ళివారికి రొయ్యలు ఇస్తానని మాట ఇచ్చిందట, పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆమె కోసం తెచ్చిన దండ కాంపౌండరుగారి మెడలో వేశారు. ఆయన పాపం ఆ దండని ఏం చెయ్యాలో తెలియక సభ ముగిసేదాకా అట్లాగే మోశారు.

సాయంత్రం పెద్దమ్మ బస్సు దిగి వచ్చినప్పుడు నేనే ఎదురెళ్ళాను. “ఇంత పెద్దవాళ్ళు వస్తే వెళ్ళిపోతారా పెద్దమ్మా?” అన్నాను. ఆమె నా వంక వింతగా చూసి, “పెళ్ళోళ్ళు ఎదురు చూస్తంటారు కదండీ,” అంది.

మరో ఏడాది గడిచాక నాకు పామర్రు వైపు ఒక ఆరోగ్య కేంద్రానికి బదిలీ అయింది. ఇంటికి దగ్గరని అమ్మ సంతోషపడింది. నాకు మాత్రం గట్టు వదలబుద్ధి కాలేదు. ఆ రెండున్నరేళ్ళలో నేను నేర్చుకున్న నర్సింగు, శిక్షణలో నేర్చుకున్నదానికంటే ఎక్కువ. కొత్త ఊళ్ళో మొదటి రోజు ఇంటింటికీ తిరుగుతూ, ఎవరికి ఏం చెప్పాలా అని కాకుండా ఎవరిని ఏం అడగాలా అని ఆలోచించాను. ఒక ఇంటి అరుగు మీద కూచుని, “మీ నీళ్ళెక్కడివి? ఎప్పుడు తెచ్చుకుంటారు? ఎవరు తెస్తారు?” అని అడిగితే ఆ ఇంటావిడ అనుమానంగా చూసింది. తరవాత పక్కింటావిడని కేకేసి పిలిచింది. ఇద్దరూ కలిసి నాకు ఊరి నీళ్ళ కథంతా చెప్పారు. చీకటి పడుతుంటే లేచాను.

బదిలీకి ముందు వీడుకోలు చెప్పడానికి గట్టుకి వెళ్ళినప్పుడు పెద్దమ్మ ఇంట్లో లేదు. వెనకవైపు మురికి కాలవ ఒడ్డున కాంపౌండరుగారితో గట్టిగా వాదిస్తోంది. నిలిచిన నీళ్ళలోకి కర్ర పెట్టి కెలుకుతూ చూపిస్తోంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

“ఎల్తన్నారంటగా నర్సమ్మగారూ. మంచిదే, మీ ఊరు మీరు చూసుకోండి. ఇటు రండి ముందు. ఈ పురుగులు చూడండి, ఇయ్యే రెక్కలొచ్చి దోమలయితన్నాయి. ఈయన కిరసనాయిలు పొయ్యాలంటారు. నేనేమో దీనికి వాలు తవ్వి నీళ్ళు కదిలిస్తే చాలంటన్నా. మీరేమంటారు?”

నేను చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ఒడ్డు దిగాను.